గద్దలకు వేసిన మొప్పలు

సంత్రాగాఛి ఝీల్‌కి చలికాలంలో బాతులొస్తాయని కలకత్తా అంతటికీ తెలుసు. మెడలో కెమెరాలు వేసుకుని జనం లోకల్ రైళ్లు దిగుతారు. మా రైల్వే క్వార్టర్స్ వెనక గోడ దాటితే ఆ చెరువే. మాకు మాత్రం అవి చూసే పక్షులు కావు, వినే పక్షులు. మా ఇంట్లో వాటికోసం ఎదురుచూసే మనిషికి చూపు లేదు.

నాన్న పలాస పక్క నుంచి వచ్చి ఇక్కడ గ్యాంగ్‌మన్‌గా చేశాడు. రిటైరయ్యేసరికి నీటికాసులు ఒక కన్ను తినేశాయి, తర్వాత రెండోదీ పోయింది. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను రైల్వే ఆఫీసుకెళ్లే ముందు నాన్నను గట్టుమీద సిమెంటు బల్లపై కూర్చోబెట్టేదాన్ని. ఇక్కడివాళ్లు శరాల్ అనే చిన్న గోధుమరంగు బాతులు ఎక్కువ. అవి బాతుల్లా అరవవు, ఈల వేస్తాయి. నాన్న తల ఒక పక్కకు వంచి విని, "కొత్త మంద దిగినాదే అమ్మీ. ఈ గొంతులు నిన్న నేవు" అనేవాడు. అదెలా తెలిసేదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ చెవులంటే మా తెలుగు ప్రార్థన కూటంలోనూ గౌరవం ఉండేది. పాటల పుస్తకం చదవలేడు గానీ అన్నీ నోటికొచ్చు. ఆదివారం పాట ఎత్తేది నాన్నే. నాన్న గొంతు విప్పేదాకా ఎవరూ నోరు తెరిచేవారు కారు.

నా తప్పు కూడా ఆదివారంనాడే మొదలైంది. బజారులో చేపలమ్మే మాశీ కత్తిపీట మీద బొచ్చెచేప కోసి, మొప్పలూ పేగులూ విడిగా సంచిలో కట్టి ఇచ్చింది. దాన్ని గట్టు పక్క చెత్తకుండీలో వేయబోతూ, ఏదో బుద్ధి పుట్టి ఒక మొప్పను గాల్లోకి విసిరాను. గద్ద ఎక్కణ్ణుంచి వచ్చిందో, కిందపడకుండానే తన్నుకుపోయింది. నాకు ఒళ్లు పులకరించింది. ఆఫీసులో నా మాట ప్యూన్ కూడా వినడు. ఇక్కడ గద్దలు ఆకాశం నుంచి దిగొచ్చి నా చేతిది అందుకుంటున్నాయి! మరుసటి వారం నుంచి మాశీని అడిగి అందరి చేపల మొప్పలూ దాచిపెట్టించుకున్నాను. క్వార్టర్స్ పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నేనేదో సర్కస్ నడుపుతున్నట్టు కొంగు బిగించి మరీ విసిరేదాన్ని. నెల తిరక్కుండా గద్దలు వారమంతా మా గట్టుమీదే తిరగసాగాయి.

దసరా పూజలు అవ్వగానే ఝీల్‌లో గుర్రపుడెక్క తీయించే ఒకాయన ఉన్నాడు. మొత్తం తీసేయరు. బాతులు కూర్చోవడానికని అక్కడక్కడా తిప్పల్లా వదులుతారు. ఆయన ఒకరోజు నన్ను ఆపి బెంగాలీలో కడిగిపారేశాడు. "దీదీ, మేం నీళ్లలో నానిచచ్చి వాటికి పక్క వేస్తే, మీరు నెత్తిమీదకి గద్దల్ని పిలుస్తారా? ఒక్క శరాల్ లేదు ఈ పక్కన. అన్నీ ఆ చివరకు పోయాయి." చూద్దును కదా, మా ముందున్న తిప్పలన్నీ ఖాళీ. నేనెప్పుడూ పైకి చూశానే తప్ప నీళ్లవైపు చూడలేదు.

ఆ సాయంత్రమే నాన్న అడిగాడు. "అమ్మీ, ఈలలు ఇనబడ్డం నేదు. ఏటయినాది?"

నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేసింది. "ఈపాలి పిట్టలే తక్కువొచ్చినాయి నాన్నా" అన్నాను.

మర్నాడు టీకొట్టు అతను, పక్కన ఎవరితోనో, ఈ ఏడు బాతులు విరగబడి వచ్చాయని అనడం నాన్న విన్నాడట. ఇంటికొచ్చాక నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "నా మనసు నొచ్చుకుంటాదని అలగన్నావు గదా? పరవానేదు. పిట్టలొచ్చినా ఇనబడనేదంటే సెవులు కూడా పోతన్నాయి. దగ్గిర మాట ఇనబడతాది, దూరానిది నేదు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నా అబద్ధాన్ని ప్రేమ అనుకున్నాడు. అప్పుడే, ఆ నిమిషంలోనే చెప్పేయాల్సింది. చెయ్యి విడిపించుకుని పొయ్యి దగ్గరకు వెళ్లాను.

తర్వాతి ఆదివారం కూటంలో పాట ఎత్తమంటే, "నా వొల్ల కాదు, సుతి తప్పిపోతాది. ఇంకెవురైనా ఎత్తండి" అని వెనక వరసకు వెళ్లి కూర్చున్నాడు. ఎంతమంది బతిమాలినా కదల్లేదు. చెవుల డాక్టరు దగ్గరకు వెళ్దామంటే, కళ్లకోసం తిరిగిన తిరుగుడు చాలన్నాడు. పొద్దున్నే గట్టుకు రావడం మానేశాడు. మాటా తగ్గించేశాడు. చెవులు బాగానే ఉన్న మనిషి నా మూలంగా చెవిటివాడిలా బతకడం మొదలుపెట్టాడు. అది రోజూ చూస్తూ, వండి వడ్డిస్తూ నేను ఊరుకున్నాను. పిరికిదాన్ని. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

గద్దలకు వేయడం అయితే మానేశాను. అవి మమ్మల్ని మరిచిపోవడానికి ఆ సీజనంతా పట్టింది. మరుసటి చలికాలం బాతులు మళ్లీ మా ముందు తిప్పలమీద దిగాయి. ఇదే నాకు మిగిలిన దారి అనుకుని నాన్నను బలవంతంగా గట్టుకు తీసుకెళ్లాను. నాన్నకు అదే ఆఖరి చలికాలమని అప్పుడు తెలీదు. పొద్దున్నే మంచు, నీళ్లు సరిగ్గా కనబడటం లేదు గానీ ఈలలు మాత్రం చెవులు హోరెత్తేలా ఉన్నాయి. నాన్న తల వంచాడు. ముఖం వెలిగింది.

"ఇనబడతన్నట్టే ఉన్నాది" అన్నాడు మెల్లగా. "అలవాటు కొద్దీ బుర్రలో మోగతన్నాదేమో."

"నేదు నాన్నా, నిజంగానే వొచ్చినాయి. బోల్డు. మన ముందరే ఉన్నాయి."

నాన్న నవ్వి నా చెయ్యి తట్టాడు. "నువ్వు అలగే అంటావులే అమ్మీ. నా మనసు నొచ్చుకోకూడదని."