ఆకురాయి మాస్టారి ఆరు వారాలు

ఫిట్టర్ మాస్టారికి శిష్యులు పెట్టుకున్న పేరు ఆకురాయి మాస్టారు. ఊరికే పెట్టలేదు. శిక్షణ కేంద్రంలో చేరిన ప్రతి బ్యాచ్ చేతా మొదటి ఆరు వారాలూ ఇనప ముక్కల్ని ఆకురాయితో అరగదీయించేవాడు. అంచుకు మూలమట్టం ఆనించి, ముక్కను వెలుగుకెత్తి చూసేవాడు. సందులోంచి వెంట్రుకంత వెలుతురు కనబడిందా, మళ్లీ వైసు దవడల మధ్య బిగించి అరగదీయాల్సిందే. పిల్లల తల ప్రాణం తోకకొచ్చేది. లేత్ మెషీన్ మీద చెయ్యి వెయ్యనివ్వమని బతిమాలితే, "ముందు చేతికి బుద్ధి రానీండి" అనేవాడు. ముప్పై ఏళ్లుగా అదే మాట.

మనిషి ముక్కుసూటి. పై అధికారి మేనల్లుడు తెచ్చిన ముక్క వంకరగా ఉంటే, అధికారి ఎదుటే వంకరన్నాడు.

మాస్టారి కూతురు వృత్తి విద్య మీద పరిశోధన చేస్తోంది. చేతి పని తగ్గించి యంత్రాల మీద ఎక్కువ రోజులు నేర్పాలని ఈమధ్య చాలామంది అంటున్నారని ఒకసారి ఇంట్లో చెప్పబోతే, ఆయన అంతెత్తున లేచాడు.

"కుర్చీల్లో కూర్చుని రాసేవాళ్లకేం తెలుసు? నా వర్క్‌షాపులోనే పరీక్ష పెట్టుకో. ఆరు వారాలు తగ్గిస్తే ఏమవుతుందో చూద్దువుగాని."

సరే, పెట్టారు. చీట్లు తీసి ఒక బ్యాచ్‌ను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆరు వారాల ఆకురాయి, రెండో జట్టుకు రెండే వారాలు. మిగిలిన నాలుగూ లేత్ మీద. ఏడాది చివర అందరూ చేసిన ముక్కల మీద పేర్లు లేకుండా నంబర్లు కొట్టారు. మార్కులు వేసింది మాస్టారే. ఏది ఎవరిదో ఆయనకు తెలియదు.

ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితాను కూతురు విప్పి చూసింది. చేతి పనిలో రెండు జట్లూ సమానం. యంత్రం పనిలో రెండు వారాల జట్టే ముందు. "ఇలాంటి పని చూసి ఎన్నాళ్లయిందో" అంటూ ఆయన మురిసిపోయిన పదిహేడో నంబరు ముక్క కూడా వాళ్లదే.

రెండు రోజులు నీళ్లు నమిలింది. మూడో రోజు సాయంత్రం వర్క్‌షాపుకు వెళ్లి కాగితం చేతికిచ్చింది.

"ఒక్క బ్యాచ్‌తో ఏం తేలుతుంది నాన్నా? ఇంకోసారి చూద్దాం. అప్పటిదాకా రిపోర్టు పంపను."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"నేను గెలిచుంటే ఇంకోసారి చూద్దామనేదానివామ్మా?"

ఆమె కాగితం వెనక్కి తీసుకోబోయింది.

"పదిసార్లు చూడు, కాదనను. ఇది మాత్రం ఇప్పుడే పంపు" అన్నాడు. "నేను నేర్చుకునే రోజుల్లో నలభై మందికి ఒకటే లేత్. నా వంతు రావడానికి ఆరు వారాలు పట్టింది. అందాకా ఖాళీగా కూర్చోకుండా మా గురువుగారు ఆకురాయి చేతికిచ్చారు. అంతే. నేనదే శాస్త్రమనుకున్నా. ఇదీ రాయి."

"అది రిపోర్టులో అక్కర్లేదు నాన్నా."

"రాయమ్మా. ఆ ఆరు ఎక్కణ్నుంచి వచ్చిందో చదివేవాళ్లకు తెలియాలి."

అంతమంది పిల్లల దగ్గర నాలుగేసి వారాలు లాక్కున్నానే అని లోలోపల కుమిలిపోయాడు. అయినా తడుముకోకుండా రిపోర్టు కింద సంతకం పెట్టాడు. తన పొరపాటును తానే చెప్పి రాయించే పెద్దమనుషులు ఎందరుంటారో మీరే చెప్పండి.

కొత్త బ్యాచ్‌కు ఆకురాయి రెండు వారాలే. మూడో సోమవారం పొద్దున ఆయన అలవాటు కొద్దీ వైసుల వరుస దగ్గరికే వెళ్లి నిలబడ్డాడు. అక్కడ ఎవరూ లేరు. పిల్లలంతా ఆ చివర లేత్ మెషీన్ల ముందు నిలబడి ఆయన కోసమే చూస్తున్నారు.