దోనెలోకి నీళ్ళెలా వచ్చాయి

నా చిన్నప్పుడు కొల్లేరు ఎంత ఉండేదంటే, ఒడ్డున నిలబడి చూస్తే అవతల ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అలలు తాటిచెట్టంత ఎత్తున లేచేవి. లోపల మొసళ్ళు తిరిగేవి. దోనె ఎక్కినవాడు అవతల దిగుతాడన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు.

ఈ మాట మా మనవరాలితో ఇలాగే మొదలుపెడితే, తను ఫోనులో ఏదో వెతికి, "కొల్లేట్లో మొసళ్ళు లేవంట తాతయ్యా" అంది. సరే, లేవు. అలలు కూడా తాటిచెట్టంత కాదు, తాటిముంజంత. నీళ్ళు చాలాచోట్ల పెద్దవాళ్ళకి మొలలోతే. కానీ నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు. పెద్దవాళ్ళ మొలలోతు నాకు తలలోతు. భయాన్ని ఎవరి ఎత్తుతో వాళ్ళే కొలుచుకోవాలి కదండీ.

మా ఊరు ముదినేపల్లికి కాస్త ఇవతల, వరిచేల మధ్య ఉండేది. అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకలో. ఇప్పుడు ఆ లంకకి రోడ్డు పడింది, దారికి రెండు పక్కలా చేపల చెరువులు, ఆటో ఎక్కితే కూనిరాగం ముగిసేలోపు దిగిపోవచ్చు. అప్పట్లో దోనె ఒక్కటే దిక్కు. తాటిమాను నిలువునా చీల్చి లోపల తొలిచేస్తే అదే దోనె. ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. తుమ్మినా ఊగుతుంది.

అమ్మ రెండో కాన్పుకి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా మేనత్తా నేనూ సాగనంపడానికి లంక దాకా వెళ్ళాం. మేనత్త అంటే నాన్నగారి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. ఇంటి పెత్తనమంతా ఆవిడదే. నాన్నగారు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడేవారు. అమ్మని దింపి మేమిద్దరం తిరిగి వస్తుంటే దారి మధ్యలో గాలి లేచింది. దోనె గుర్రపుడెక్క తెట్టెలోకి దూరి తిరగబడింది.

ఆ తెట్టె కింద నేనెంతసేపున్నానంటే, ఒక పూట ఉన్నానని చాలామందికి చెప్పాను. రెండు గుటకల నీళ్ళు తాగేంతసేపు ఉండి ఉంటాను. కానీ ఆ డెక్క మొక్కల వేళ్ళుంటాయే, నల్లగా, జుట్టులాగా, అవి నా మొహం నిండా పాకాయి. కళ్ళు తెరిస్తే పచ్చటి చీకటి. పైకి లేద్దామంటే నెత్తిమీద చాప పరిచినట్టు ఆకులు. అప్పుడు ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. అది మా అత్తయ్య చెయ్యి.

ఆ రోజు నుంచి నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. గోలెంలో చెంబు ముంచిన చప్పుడు వింటే చాలు, చేతులు చల్లబడేవి. తలమీద నీళ్ళు పోస్తే ఊపిరందేది కాదు. రోజూ స్నానం ఒక యుద్ధం. మా చిన్నాన్న ఊరందరి ముందూ, "వీడు బిందెలో నీళ్ళు చూసినా లాగు తడుపుకుంటాడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. ఇప్పుడు మా మనవరాలికి వేరే భయం; ఏలూరులో డాక్టరు గారు దానికి ఏదో పేరు చెప్పారు, వారం వారం పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. మంచిపని. మా రోజుల్లో అన్నింటికీ ఒకటే పేరు, పిరికితనం.

దోనె తిరగబడ్డ సంగతి అమ్మకి చెప్పొద్దన్నారు. వట్టిమనిషి కాదు, బెంగపెట్టుకుంటుందని. దాంతో నేను అమ్మని చూడటానికి ఎందుకు రావడం లేదో అమ్మకి తెలియదు. వెళ్ళేవాళ్ళు నన్ను కొల్లేటి గట్టు దాకా తీసుకెళ్ళేవాళ్ళు. నీళ్ళు కనబడగానే నేను నేలమీద చతికిలబడేవాణ్ణి. వాళ్ళు దోనె ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు తమ్ముడు పుట్టాడని కబురొచ్చింది. అందరికీ బెల్లం పంచారు. నేను నా ముక్క చూరులో దోపేశాను. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. పిరికివాడితో విసిగిపోయి అమ్మ ఇంకో పిల్లాణ్ణి తెచ్చుకుంది. ఇక నాతో పని లేదు.

బారసాలకి ముందురోజే నాన్నగారు సామానుతో లంకకి వెళ్ళారు. మా ఇళ్ళలో ముత్తయిదువా కాదా అని చూడకుండా బిడ్డని మేనత్త చేత్తోనే మొదటిసారి ఉయ్యాల్లో వేయిస్తారు. ఆవిడ లేకుండా ముహూర్తం నడవదు. అయినా అత్తయ్య ఆ రోజు వెళ్ళలేదు. "నువ్వు పద, రేపు నేను పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వస్తాను" అంది. నా కోసమే ఆగిందనుకున్నాను. అప్పుడు మరి అంతకన్నా ఏమనుకుంటాను?

తెల్లారాక గట్టుకి వెళ్ళాం. చలికాలం, నీళ్ళమీద పొగమంచు. దూరంగా గూడబాతులు కదలకుండా కూర్చుని ఉన్నాయి. దోనెవాడు గెడ పట్టుకుని నిలబడ్డాడు. నేను మామూలుగానే బురదలో చతికిలబడ్డాను.

అత్తయ్య నన్ను బతిమాలలేదు. తిట్టలేదు. కొంగు నడుముకి బిగించి, కాసేపు నీళ్ళవైపు చూసి, దోనె ఎక్కి కూర్చుంది. తర్వాత అడుగుకి వంగి చూసింది.

"ఏమయ్యా, దోనెలో నీళ్ళు ఊరుతున్నట్టున్నాయే?"

"చెమ్మేనండి అమ్మగారూ, ప్రతి దోనెలోనూ..."

"ఊరుతున్నాయి" అంది అత్తయ్య. ఆవిడ ఒక మాట రెండోసారి చెబితే మా ఊళ్ళో ఎవరూ వాదించేవారు కాదు. "నువ్వు గెడ వెయ్యాలి. నా ఒళ్ళో ఉయ్యాల గుడ్డలూ, పసుపూ ఉన్నాయి. తోడేవాళ్ళు లేరు. పోనీలే, కదులు. మునిగితే మునుగుతాను."

దోనెవాడు నావైపు చూశాడు, ఆవిడవైపు చూశాడు, నోరు మూసుకుని గెడ నేలకి ఆనించాడు.

చిల్లిపడ్డ దోనె అంటే భయస్తుడు ఇంకో నాలుగడుగులు వెనక్కి వేయాలి. నేనూ వేసేవాణ్ణే. కానీ దోనె ఒడ్డు వదులుతుంటే నాకు కనిపించింది నా మునక కాదు, అత్తయ్య మునక. ఆ పచ్చటి చీకట్లో ఆవిడ మొహం మీద వేళ్ళు పాకుతున్నాయి. ఆవిడ జుట్టు పట్టుకుని లాగడానికి ఎవరూ లేరు. నన్ను లాగిన మనిషి ఆవిడ. నేను ఏడుస్తూనే నీళ్ళలోకి పరిగెత్తాను. అత్తయ్య రెక్క పట్టి దోనెలోకి ఎక్కించి, తన ముందు కూర్చోబెట్టి, నా చేతిలో ఒక కొబ్బరి చిప్ప పెట్టింది. "తోడు" అంది.

మనవరాలికి చెప్పినప్పుడు అది బిందె అన్నాను. కొబ్బరి చిప్పే. అది కూడా అంచు విరిగింది.

తోడాను. కళ్ళు దోనె అడుగు మీద నుంచి తియ్యలేదు. చిప్పతో ముంచడం, పక్కకి పారబోయడం. ఒక చిప్ప పారబోస్తే ఇంకో చిప్ప నీళ్ళు ఎక్కడి నుంచో వచ్చేవి. భయం తగ్గలేదండీ, అబద్ధం చెప్పను. కానీ దానితో కూర్చుని మాట్లాడే తీరిక లేకుండా పోయింది. వెనక అత్తయ్య ఊపిరి వినబడుతోంది, పరిగెత్తి వచ్చిన మనిషి ఊపిరిలాగా.

మధ్యలో ఉన్నట్టుండి గుర్రపుడెక్క దోనెకి రాసుకున్న చప్పుడయింది. తల ఎత్తాను. అదే తెట్టె. ఊదాపూలు పూసి ఉంది. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చిప్పలోని నీళ్ళు నా లాగు మీద కారిపోయాయి. మొహం మీద మళ్ళీ ఆ వేళ్ళు. లేచి నిలబడితే దోనె తిరగబడుతుందని తెలుసు. అయినా కాళ్ళు లేవబోతున్నాయి.

అప్పుడే దోనెలో నీళ్ళు ఒక్కసారిగా పెరిగాయి. కాలివేళ్ళు మునిగాయి, పాదాలు మునిగాయి. వెనక నుంచి అత్తయ్య, "ఒరేయ్ నాన్నా, తోడరా, తోడు" అంది. ఆవిడ గొంతు నేనెప్పుడూ వినని గొంతు, సన్నగా ఉంది. వంగాను. తోడాను. ఎంత తోడినా అక్కడ నీళ్ళు తరగలేదు. కొల్లేటికి నామీద పగ అనుకున్నాను. ఈసారి మా ఇద్దర్నీ తీసుకుపోవాలని చూస్తోందనుకున్నాను. రెండు చేతులతో తోడాను. చేతివేళ్ళు చీరుకుపోయాయి. ఎప్పటికో దోనె ముక్కు మెత్తగా నేలని తాకింది. దిగేటప్పుడు చూస్తే అత్తయ్య కుడిచెయ్యి భుజం దాకా తడిసి ఉంది. కొంగు పిండుకుంటోంది. నేను పారబోసిన నీళ్ళే చింది ఉంటాయనుకున్నాను.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా నాన్నా" అంది. దార్లో చెప్పాలనుకున్నవన్నీ పోయాయి. "నాకు భయమేసింది" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. తర్వాత తెట్టె సంగతీ వేళ్ళ సంగతీ అన్నీ చెప్పేశాను. తడిబట్టల్లో ఉన్న నన్ను అమ్మ అలాగే దగ్గరికి లాక్కుంది. పచ్చిబాలింతరాలు, చలి తగులుతుందని ఎవరో కేకలేస్తున్నా వదల్లేదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "వీడు తోడకపోతే మేమిద్దరం వచ్చేవాళ్ళం కాదు" అంది. తమ్ముణ్ణి ఉయ్యాల్లో వేసేటప్పుడు ఆవిడ చేతుల కింద నా చేతులు కూడా పెట్టించింది. వాడు ఎర్రగా, ముడతలు పడి, నాకన్నా పిరికిగా కనిపించాడు. నా స్థానానికి ఢోకా లేదనిపించింది.

తిరుగు ప్రయాణంలోనూ చిప్ప నా చేతిలోనే ఉంది. భయమూ ఉంది. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

ఈ కథని నేను చాలా ఏళ్ళు పెంచి పోషించాను. చిల్లి పెద్దదయింది, చిప్ప బిందె అయింది, దోనెలో జనం పెరిగారు. ఏలూరు కాలేజీలో చదివే రోజుల్లో సెలవులకి వచ్చి, ఇంటికొచ్చిన చుట్టాల ముందు ఒకసారి నేను ఊరందర్నీ కాపాడినంత పని చేశాను. అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది. చుట్టాలు వెళ్ళాక చేట పక్కన పెట్టి, "ఆ నీళ్ళు నేనే పోశాన్రా" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ కుడిచెయ్యి దొప్పలా మడిచి చూపించింది. దోనె పక్క నుంచి ముంచి, నా వెనక నుంచి లోపలికి. దారి పొడుగునా. దోనెవాడు అంతా చూశాడంట.

నా జీవితంలో ఉన్న ఒకే ఒక్క వీరత్వం అరుగుమీద చిక్కుడు ఈనెల్లో కలిసిపోయింది. మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆవిడ చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "పోసింది నేను. తోడింది నువ్వేగా. అది నేను చెయ్యలేదు" అంది.

"అయితే ఆ తెట్టె దగ్గర అన్నేసి నీళ్ళు పోశావెందుకు? నిజంగానే మునిగేవాళ్ళం" అన్నాను.

అత్తయ్య ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. "ఎంత పోస్తున్నానో నాకేం తెలుసురా. నీతోపాటు నేనూ మునిగినదాన్నే కదా. ఆ రోజు నుంచి నాకూ నీళ్ళంటే ప్రాణం పోయేది. పెద్దదాన్ని, ఎవరితో చెప్పుకోను? ముందురోజు మీ నాన్నతో వెళ్ళకుండా నిన్ను సాకు పెట్టుకున్నాను. అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆపితే గుండె ఆగేట్టుంది. పోస్తూనే ఉన్నాను."

అన్నాళ్ళూ ఆ దోనెలో భయపడ్డవాడు ఒక్కడే ఉన్నాడనుకున్నాను. ఇద్దరున్నారు. ఒకరు నీళ్ళు పోస్తూ, ఒకరు తోడుతూ, ఒకరినొకరు అవతలి ఒడ్డుకి చేర్చారు.

మా మనవరాలు ఇంజినీరింగ్ అయ్యాక ఏలూరులో మా దగ్గరే ఉంటోంది. ఇంటర్వ్యూలన్నీ ఇంట్లో కంప్యూటరు ముందే. రేపు ఇంటర్వ్యూ అంటే ఇవాళ అన్నం దిగదు. చేతులు మంచుగడ్డలు. "నేను దేనికీ పనికిరాను తాతయ్యా" అంటుంది. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళడం మాత్రం మాననివ్వను. నా కథ మందు కాదని నాకు తెలుసు. మొన్న ఇంటర్వ్యూకి ఇంకా కాసేపుందనగా, తను కుర్చీలో బిగుసుకుపోయి ఉంటే, నేను చేటలో చిక్కుడుకాయలు పోసుకుని వెళ్ళి ఒళ్ళో పెట్టాను. "నా చేతులు వణుకుతున్నాయమ్మా, కాస్త ఈనెలు తీసిపెట్టు" అన్నాను.

నాలుగు కాయలు తీసింది. తల ఎత్తకుండానే, "నీళ్ళు పోస్తున్నావా తాతయ్యా?" అంది.

"పోస్తున్నాను" అన్నాను. అయితే చేతులు వణుకుతున్నాయన్నది నటన కాదు. తనకోసం నాకు వేసిన భయం అది. ఆ మాట కూడా చెప్పాను. తను నా చెయ్యి పట్టుకు చూసి, తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుని, కొంచెం నవ్వింది. తర్వాత చేట నాకిచ్చి కంప్యూటరు వైపు తిరిగింది. నేను గది బయట కూర్చుని మిగతా కాయలు తీశాను.

నాకిప్పటికీ భయం పోలేదండీ. మొన్నటికి మొన్న ఆసుపత్రిలో స్కానింగు అని ఒక గొట్టంలోకి పంపిస్తే మళ్ళీ ఆ పచ్చటి చీకటే. అరవబోయి, నా కుడిచెయ్యి చూసుకున్నాను. దాని పాటికి అది వేళ్ళు దగ్గరికి మడిచి, అంచు విరిగిన చిప్పలాగా తయారై ఉంది.