మా అత్త మధురగాయని కాదు

మా అత్త పోయింది. పోయిన ఆదివారం చర్చికి వెళ్దామని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మంచం మీద కూర్చుందట, మరి లేవలేదు. కబురు పట్టుకుని మధ్యాహ్నం బస్సుకి రాజోలు వచ్చిన పక్కింటాయన, మా గుమ్మం బయటే నిలబడి, "టీచరు గారు ప్రభువు దగ్గరికెళ్ళిపోయేరండి" అన్నాడు. ఆవిడ నాకు మేనత్త. అమలాపురంలో ఆడపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. నన్ను తన ఇంట్లో పెట్టుకుని డిగ్రీ దాకా చదివించింది. వండిన అన్నం వండినట్టే వదిలేసి ఆయనతో బస్సెక్కాను.

సమాధుల తోట దాకా ఏడుస్తూనే వెళ్ళాను. అక్కడ ఏడుపు ఆగిపోయింది. అమలాపురం మహిళా సంఘం వాళ్ళు దండ పట్టుకుని వచ్చారు. వాళ్ళ అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుని ఒక కాగితం చదివింది. "మధురగాయని, నిరాడంబర సేవకురాలు అయిన మన సోదరి" అని మొదలుపెట్టి, సంఘం సభల్లో మా అత్త పాడిన పాటలు ఇంకా చెవుల్లో మోగుతున్నాయంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్త ఆ సంఘంలో పాడటం మానేసి ఎన్నేళ్ళయిందో, ఎందుకు మానేసిందో, ఆ కాగితం చదివినావిడకి నాకెంత తెలుసో అంతా తెలుసు. అయినా అలాగే చదివింది.

అందుకే ఇది రాస్తున్నాను. చనిపోయిన వాళ్ళ గురించి రాసేటప్పుడు నెమ్మదిగా రాయాలంటారు. నాకు చేతకాదు. కోపం దాచుకోమని మా అత్త నాకెప్పుడూ చెప్పలేదు. కోపంలో కూడా "అండి" మర్చిపోవద్దని మాత్రం చెప్పింది. వీలైనంత వరకు మర్చిపోను.

బడి నుంచి వచ్చాక కూడా ఆవిడ చీర కొంగున సుద్దముక్క ముడేసి ఉండేది. వంటింటి గోడ మీద బొగ్గుతో లెక్కలు చేయించేది. జవాబు సరిగ్గా చెప్పినా ఒప్పుకునేది కాదు. "వచ్చిందని చెప్పకు. ఎలా వచ్చిందో చెప్పు" అనేది. చిన్న వయసులోనే భర్త పోయినా రంగు చీరలే కట్టుకుంది. ఎవరైనా ఎత్తిపొడిస్తే, తెల్లచీర ఉతకలేక చస్తున్నానండి అని నవ్వేసేది. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడేది, చెప్పొద్దూ, ఆవిడకి తన అందం మీద కొంచెం గర్వం కూడా ఉండేది.

ఎమర్జెన్సీ అయిపోయిన కొత్తలో ఊళ్ళో మహిళా సంఘం పెట్టారు. అప్పటి అధ్యక్షురాలు ఒక ప్లీడరు గారి భార్య. కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు గారు ఆవిడ కుడిభుజం. ఇద్దరూ కలిసి స్కూలుకి వచ్చి మా అత్తని పిలిచారు. అన్ని వర్గాల స్త్రీలూ ఉంటేనే సంఘానికి నిండుదనం అన్నారు. మా పేట నుంచి అలాంటి వాళ్ళింటికి వెళ్ళి హాల్లో చాప మీద సమానంగా కూర్చోవడమంటే అప్పట్లో చిన్న సంగతి కాదు. మా అత్త పొంగిపోయింది. ఆ సాయంత్రం వాయిలు చీరకి గంజి పెట్టి, నన్ను కూడా తోడు రమ్మంది.

మొదటి సమావేశంలోనే ప్లీడరు గారి భార్య, "మీ వాళ్ళు బాగా పాడతారు కదండీ, ఒక పాటతో మొదలెట్టండి" అంది. అత్త చర్చిలో పాడే పాట ఎత్తుకుంది. రెండు చరణాలు కాకుండానే లెక్చరరు గారు మెల్లిగా ఆపింది. ప్రార్థన పాట కాదటండి, వరినాట్లేసేటప్పుడు పాడే ఊడ్పుల పాట కావాలట. శ్రామిక స్త్రీ గొంతు వినాలట. మా అత్త జన్మలో చేలో కాలు పెట్టలేదు. బోర్డింగ్ స్కూల్లో చదువుకుని, ట్రైనింగై, నేరుగా బడికి వెళ్ళిన మనిషి. ఊడ్పులకి వెళ్ళింది వాళ్ళమ్మ, మా మామ్మ. ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడి, నేర్చుకుని వస్తానండి అంది మా పిచ్చి అత్త.

మామ్మని అడిగితే, కూరలు తరుగుతున్న కత్తిపీట ముందు నుంచి లేచి నిలబడింది. "నువ్వు ఈ పాట పాడకూడదనే కదే, నడుం వంగిపోయేదాకా ఊడ్చి నిన్ను చదివించేను. ఇప్పుడు ప్లీడరు గారి పెళ్ళానికి పాడి వినిపిస్తావా?" అంది. ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. అత్త ఇంకో ముసలమ్మ దగ్గర నేర్చుకుంది. పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ప్రతి నెలా అదే తంతు. అత్త ఏదైనా చెప్పబోతే, "టీచరు గారు చివర్లో పాడతారు" అని సర్దేసేవారు. నిన్ను రేడియో అనుకుంటున్నారు అత్తా, తిప్పితే పాడాలి, కట్టేస్తే ఊరుకోవాలి అని నేను గొడవపడితే, వాళ్ళని ముందు తనకి అలవాటు పడనివ్వమనేది.

ఎంత అలవాటు పడ్డారో చెబుతాను వినండి. సమావేశాలు సభ్యుల ఇళ్ళలో వంతులవారీగా జరిగేవి. మా వంతు వచ్చింది. అత్త ముందురోజు నుంచీ ఇల్లు కడిగి, కాఫీ గింజలు తెప్పించి మర పట్టించి, జంతికలు వండించింది. వాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, ఇల్లు ఎంత శుభ్రంగా ఉందోనని ఆశ్చర్యపోయారు. అందులో ఆశ్చర్యమేముందో నాకు ఇప్పటికీ తెలియదు. కాఫీ తేబోతుంటే, "అబ్బే, ఎండన పడి వచ్చేం కదండీ, కొబ్బరిబొండాలు చాలండి" అన్నారు. కోనసీమలో పుట్టినవాళ్ళెవరికైనా ఆ మాటకి అర్థం తెలుసు. బొండాంలో నీళ్ళకి మా గిన్నె తగలదు, మా చెయ్యి తగలదు. మా ఇంటికొచ్చామన్న పేరూ దక్కుతుంది, మా ఇంట్లో ఏమీ ముట్టుకోలేదన్న నిమ్మళమూ దక్కుతుంది.

అత్త "ఆయ్, అలాగేనండి" అంది. ఆ రోజు సాయానికని వచ్చిన మా నాన్న పెరట్లో బొండాలు దింపి చెక్కి ఇచ్చాడు. అత్త వాటిని వంటింట్లోకి తీసుకెళ్ళి, నీళ్ళన్నీ మా స్టీలు గ్లాసుల్లోకి వంచి, పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఒక్కొక్కరి ముందూ వంగి, తీసుకోండి అంటూ నవ్వుతూ నిలబడింది. వాళ్ళు ముఖాలు ముఖాలు చూసుకున్నారు. ఒకావిడకి అప్పటికప్పుడు శనివారం ఒక్కపొద్దు గుర్తొచ్చింది. ఇంకొకావిడకి జలుబు చేసింది. లెక్చరరు గారు మాత్రం పట్టుదలగా, ఆముదం తాగినట్టు కళ్ళు మూసుకుని తాగింది. ఆ తర్వాత సమావేశాలు ఎవరిళ్ళలోనూ పెట్టలేదు. హాలైతే అందరికీ దగ్గరని లైబ్రరీ హాలుకి మార్చేశారు.

ఇదంతా నేను మర్చిపోయేదాన్నేమో. మరియమ్మ సంగతి మాత్రం మర్చిపోలేను.

మరియమ్మ మా వీధి చివరి ఇంటామె. తొలకరి ఊడ్పుల రోజుల్లో, కూలి పెంచితేనే చేలో దిగుతామని మా పేట ఆడవాళ్ళు గట్టు మీద నిలబడ్డారు. ముందు నోరు విప్పింది మరియమ్మ. ఆ చేను కామందు కులం పేరెట్టి తిడుతూ, ఎడ్లని తోలే ములుగర్రతో ఆమెని వీపు మీద కొట్టాడు. పడిపోతే చీర పట్టి గట్టు మీద ఈడ్చాడు. స్టేషనుకి వెళ్తే, పెద్దల్లో పరిష్కారం చేసుకోమని పంపేశారు. మరియమ్మ మా అత్త దగ్గరికి వచ్చి, ఫిర్యాదు రాసుకోకపోతే రేపు మిగతా వాళ్ళనీ కొడతాడు టీచరు గారూ అని ఏడ్చింది.

అత్తకి ధైర్యముంది. అంతకు ముందు నెలలోనే సంఘం మొత్తం కలిసి సినిమా హాళ్ళ ముందు అసభ్యమైన పోస్టర్లకి తారు పూసింది. ఆ తారు డబ్బా మోసింది మా అత్తే. గోడ మీద కాగితం బొమ్మ చీర జారిందని వీధికెక్కినవాళ్ళు, నిజం మనిషి చీర లాగితే రారా అనుకుంది. సమావేశంలో లేచి జరిగిందంతా చెప్పింది. పది మందిమీ ఒకసారి స్టేషనుకి వెళ్తే చాలు, రాసుకుంటారు అంది.

ప్లీడరు గారి భార్య కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "చాలా దారుణమండి. కాదనను. కానీ ఇది కూలి గొడవ కదా టీచరు గారూ. పైగా కులం గొడవ. మనం ఆడవాళ్ళం, మన సంఘంలో కులం లేదు. దాన్ని లోపలికి తేకండి" అంది. ఆవిడ చెల్లెల్ని ఆ కామందుకే ఇచ్చారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. లెక్చరరు గారు, ఇలాంటివి తీసుకుంటే ఇప్పుడిప్పుడే నిలబడుతున్న సంఘం చీలిపోతుందని చాలాసేపు వివరించింది. అప్పుడు ఎవరో, టీచరు గారూ ఒక పాటతో ముగిద్దామండి అన్నారు.

అత్త లేచి నిలబడింది. పాడుతుందనుకుని అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"పాడనండి" అంది. "ఒక లెక్క చెప్పండి నాకు. కూలి అడిగిందని ఆవిడ్ని వీపు మీద కొట్టేడండి. కులం పేరెట్టి తిట్టేడండి. ఆడదని చీర లాగేడండి. మూడూ ఒక్క మనిషికే జరిగేయండి, ఒక్క గట్టు మీదే. అందులో మీ సంఘానికి వచ్చే ముక్క ఏదో కోసుకుని తీసుకోండి. మిగతా మరియమ్మని నేను ఇంటికి తీసుకుపోతాను."

అత్త గొంతు పెంచలేదు, ఒక్క అండి కూడా తగ్గించలేదు. సోమవారం పొద్దున్న మరియమ్మతో స్టేషను దగ్గర ఉంటాననీ, వచ్చేవాళ్ళు రావచ్చనీ చెప్పి కూర్చుంది. ఆవేశపడకండి టీచరు గారూ అన్నారెవరో. తారు డబ్బా మోసిన రోజున అదే ఆవేశాన్ని చైతన్యం అన్నారు వీళ్ళే.

దారిలో నేను మానేసెయ్ అత్తా అని పోరాను. "నేనెందుకు మానాలే?" అంది. "మానేస్తే వాళ్ళకి హాయి. ఉంటే ప్రతి నెలా నా మొహం చూడాలి." అన్నట్టే రిటైరయ్యేదాకా ప్రతి సమావేశానికీ వెళ్ళింది. ముందు వరసలో కూర్చుంది. అడగనిదే మాట్లాడింది. అడిగినా పాడలేదు. ఇదండీ మీ మధురగాయని.

సోమవారం మేము స్టేషనుకి వెళ్ళాం. ఎస్సై గారు లేరు, ఎప్పుడొస్తారో తెలియదన్నారు. వరండాలో ఉన్న ఒక్క బల్ల మీద మరియమ్మని పడుకోబెడదామంటే వీపు ఆనించలేకపోయింది, ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. అత్త ఆమె పక్కన, నేను అత్త పక్కన. కాసేపటికి మా పేట ఆడవాళ్ళు వచ్చారు. వేరే చేలల్లో ఊడ్పులు వదులుకుని, ఆ రోజు కూలి వదులుకుని, కాళ్ళకి బురదతో వచ్చి మెట్ల కింద బైఠాయించారు. సంఘం నుంచి ఎవరూ రాలేదు.

రాలేదనుకుంటుండగా, రోడ్డుకి అవతల సైకిలు షాపు దగ్గర గొడుగు వేసుకుని నిలబడి ఒకావిడ కనిపించింది. ప్లీడరు గారి కోడలు. కొత్తగా కాపురానికి వచ్చింది అప్పుడు. సమావేశాల్లో చాపలు పరిచి, గ్లాసులు అందించి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఇంట్లో తెలియకుండా వచ్చిందని చూడగానే తెలిసింది. మొన్న సమాధుల తోటలో కాగితం చదివిన అధ్యక్షురాలు ఆవిడే.

అత్తకి చూపించాను. అత్త చాలాసేపు అటే చూసి, "లేచి కింద కూర్చోవే. ఆవిడ వస్తే చోటుండాలి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఈ రోడ్డు దాటడానికి ఎన్ని అడుగులు వెయ్యాలత్తా, వచ్చేదైతే ఈపాటికి వచ్చేది అన్నాను. ఆవిడకి మనకంటే దూరమే అంది అత్త. లేచి మరియమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అత్త నేను లేచిన చోట అరచెయ్యి పెట్టింది.

ఆ రోజు సాయంత్రానికి ఫిర్యాదు రాసుకున్నారు. కదలని ఆడవాళ్ళని చూసి రాసుకున్నారు, న్యాయం చూసి కాదు. కేసు తర్వాత నానిపోయింది, నిజమే. కానీ ఆ కామందు మళ్ళీ ఎవరి మీదా ములుగర్ర ఎత్తలేదు. ఇదంతా సంఘం చేసిన పని కాదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, అందుకే రాశాను. అమ్మా అధ్యక్షురాలు గారూ, మీరు భయపడ్డారు, దానికి మిమ్మల్నేమీ అననండి. కానీ చూసింది చూసినట్టు కాగితం మీద రాయడానికి ఇప్పుడు మీకు ఎవరి భయమండి?

మా అత్త అయితే ఈ మాట అడిగేది కాదేమో. ఆవిడని తలుచుకుంటే నాకు పాట గుర్తు రాదు. ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది. మెట్ల కింద కూర్చున్న మా వాళ్ళలో ఒక ముసలమ్మ కాళ్ళు పీకుతున్నాయని వచ్చి ఆ ఖాళీలో కూర్చోబోయింది. అత్త తన చోటు ఆమెకి ఇచ్చి, తను లేచి నిలబడింది. నిలబడే, వంగి, అరచెయ్యి మాత్రం ఆ ఖాళీ బల్ల మీద నుంచి తియ్యలేదు. మధ్యలో బస్సులు వెళ్తున్నాయి. అవతల గొడుగు అలాగే ఉంది.