వరదానం వెన్నుపూస

వరదానానిది గణపవరం దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపడమే అతని పని. పిల్లలు లేరు. భార్య కామెర్లతో పోయాక ఒక్కడే వండుకుని తింటున్నాడు. చింతలపూడిలో అక్క సలోమి ఉంది గాని, తల్లి పోయినప్పుడు వచ్చిన మాటపట్టింపుతో ఆరేళ్లుగా రాకపోకలు లేవు.

నిరుడు ఆగస్టులో ఉండి దగ్గర అబ్బాయిరాజుగారి చేపల చెరువు గట్టు మీద కాయలు దింపుతున్నాడు. తెల్లవారుజామున పడిన వానకు మాను నానిపోయి ఉంది. గెల అందుకోబోతుంటే, ఊతగా పట్టుకున్న మట్ట ఊడి చేతికొచ్చింది. ముప్పై అడుగుల ఎత్తు నుంచి కిందపడ్డాడు. నడుములో నిప్పు పోసినట్టుంది. కాళ్లు మాత్రం తనవి కానట్టు బరువుగా ఉన్నాయి.

చెరువు దగ్గర పనిచేసేవాళ్లు, వాళ్ల వెనకే రాజుగారు పరిగెత్తుకొచ్చారు. ఒకరు చంకల్లో చేతులు పెట్టి లేపబోయారు. కూర్చోబెట్టి నీళ్లు పట్టమన్నారు ఇంకొకరు. వరదానానికి సాల్మన్ గుర్తొచ్చాడు. ఇద్దరూ కలిసే చెట్లెక్కేవారు. సాల్మనూ ఇలాగే చెట్టు మీంచి పడిన రోజు కాలివేళ్లు కదిలించాడు. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుదేసి తీసుకెళ్లారు. ఆసుపత్రికి చేరేసరికి వేళ్లు కదలలేదు. రెండేళ్లు మంచం మీదే ఉండి చనిపోయాడు.

"రాజుగారూ, నన్ను లేపనివ్వకండి," అన్నాడు వరదానం. "మోటారు షెడ్డు తలుపు ఊడదీయించండి. దాని మీదకి దొర్లించాలి. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

నొప్పికి ఏదో మాట్లాడుతున్నాడనుకున్నారు రాజుగారు. కానీ అతని ముఖం చూసి తలుపు ఊడదీయించారు. అంతసేపూ వరదానం బురదలో కదలకుండా పడుకున్నాడు. తలా నడుమూ కాళ్లూ ఒక్కసారే తిప్పాలని అతనే చెప్పి తిప్పించుకున్నాడు.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు నరసింహమూర్తి స్కాను చూసి, నడుం మొదట్లో ఒక పూస నలిగి ముక్కలైందని, ఒక ముక్క నరాల మీదికి తోసుకొచ్చిందని చెప్పారు. వెన్ను నిలకడ తప్పింది. పై పూసలకీ కింది పూసలకీ స్క్రూలు వేసి రాడ్లతో బిగించాలి, నరాల మీది ఒత్తిడి తీసేయాలి.

"నడుస్తానా అండీ?"

"వేళ్లు కదులుతున్నాయి కాబట్టి ఆశ ఉంది. మాట మాత్రం ఇవ్వలేను. మీ తరఫున ఎవరున్నారు?"

"నేనేనండి."

కాగితాల మీద తనే సంతకం పెట్టాడు. ఆపరేషను నాలుగు గంటలు పట్టింది.

తర్వాతి రోజులే కష్టమయ్యాయి. రెండు గంటలకోసారి నర్సు జ్యోత్స్న, ఆయమ్మ కలిసి అతన్ని పక్కకు తిప్పేవారు. చుట్టూ మంచాల దగ్గర ఇంటివాళ్లు క్యారేజీలు విప్పేవేళకు తనను గోడవైపు తిప్పమని అడిగేవాడు. మూడుసార్లు అలా అడిగాక జ్యోత్స్నకు సంగతి అర్థమైంది. అతని ఫోనులో 'అక్క' అని ఉన్న నంబరుకు ఫోను చేసి కబురు చెప్పింది.

మర్నాడు సలోమి వచ్చింది. రెండు రోజులుంది. అన్నం కలిపి పెట్టింది, గడ్డం గీయించింది. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పామాయిల్ తోటలో గెలలు కోసే పని ఉందని వెళ్లిపోయింది. ఆ మరుసటి రోజు ఉదయం నడుముకు బెల్టు బిగించి వరదానాన్ని నిలబెట్టారు. కాళ్లు వణికాయి. అయినా నిలబడ్డాడు. అక్క ఒక్కరోజు ఆగి ఉంటే చూసేది కదా అనుకున్నాడు. ఫోను చేసి చెబుదామనుకున్నాడు గాని చేయలేదు.

ఎనిమిది నెలలకు కర్ర వదిలేశాడు. ఎడమ పాదం కొద్దిగా ఈడుస్తుంది. చెట్లెక్కకూడదు, బరువులెత్తకూడదు. రాజుగారు తమ చెరువుకు కాపలా పని ఇచ్చారు. గట్టు మీద పాకలో ఉంటాడు. వలస పక్షులు దిగే నెలల్లో చేపల మీద వాలకుండా డబ్బా కొడుతూ గట్టు చుట్టూ తిరుగుతాడు. ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు.

ఆదివారం చర్చిలో అందరూ చాప మీద కూర్చుంటారు. వరదానం నడుం వంగదు గనుక గోడ వారగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. ఆ వరసలో మిగతావాళ్లంతా డెబ్బై దాటిన ముసలమ్మలు. పాట మొదలైనప్పుడు అందరికంటే ముందు లేచి నిలబడేది అతనే.