అక్కకు అవార్డు, బావకు శాలువా

మా అక్క పుంగనూరు దగ్గర ఒక పల్లెకు సర్పంచి. పేరు ఆమెది, పంచాయతీ ఆఫీసులో కుర్చీ మాత్రం మా బావది. మీటింగులకు ఆయనే పోతాడు. సంతకం ఒక్కటే అక్కకు మిగులుతుంది. ఊరు కూడా ఆయన్నే సర్పంచి అంటుంది.

అక్క ఊరకే కూర్చునే రకం కాదు. తొమ్మిదో తరగతి పిల్లకు గుట్టుగా పెళ్లి చేస్తుంటే పుంగనూరులో అడ్డుపడింది. వాళ్లు కుప్పం తీసుకెళ్లి ముడి వేయించబోతే, బస్సెక్కి అక్కడికీ పోయి ఆపింది. అందుకే మహిళా దినోత్సవం నాడు మదనపల్లెలో ప్రభుత్వం ఆమెకు ధీర మహిళ అవార్డు ప్రకటించింది.

మైకులో "సర్పంచి గారు వేదిక మీదికి రావాలి" అనగానే, అలవాటు కొద్దీ బావ లేచాడు. చరచరా మెట్లెక్కాడు. ప్రతి మీటింగులోనూ ఆయన్నే చూసిన ఆఫీసరు, అదే అలవాటు కొద్దీ ఆయనకే శాలువా కప్పేశాడు.

నాకు ఒళ్లు మండింది. "యాలక్కా ఇంకా కూసోనుండావు, లెయ్!" అన్నాను.

అక్క నింపాదిగా వెళ్లి జ్ఞాపిక అందుకుంది. బావ సిగ్గుపడి శాలువా తీయబోతే వద్దని, ఆయన భుజాల మీద ఇంకా చక్కగా సర్దింది. నాకు ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో ఆ కుర్చీలో అక్క కూర్చుంది. వీధి దీపం వెలగలేదని వచ్చిన రైతు అటూ ఇటూ చూసి, "సర్పంచి యాడమ్మా?" అన్నాడు.

"ఇంట్లో ఉండాడప్పా. నిన్న శాలువా కప్పినారు కదా, రిటైరయినాడు. నీది ఏ వీధో చెప్పు."