బొక్కల సారు చూపిన దవడ

నా చిన్నప్పుడు ఆటకు నన్ను ఎవరూ రెండోసారి పిలిచేవాళ్ళు కాదు. చెవుల్లో చీము కారి కారి వినికిడి తగ్గిపోయింది. ఒక కేక వేసేవాళ్ళు, నాకు అందేది కాదు, వెళ్ళిపోయేవాళ్ళు. ఏం అడిగినా "ఆఁ" అనేయడం అప్పుడే అలవాటైంది. అరవై దగ్గరపడ్డా అది పోలేదు. కరోనా తర్వాత నన్ను ఇక్కడ, గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా రాళ్ళ క్వారీలో గేటు కాపలాకు వేశారు. మా మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, ఏమన్నా "ఠీక్ హై" అంటాను. దాని పుణ్యమా అని, సెలవు వాయిదా వేసుకొమ్మన్నా వినపడక ఒప్పేసుకుని, రెండు సెలవులు పోగొట్టుకున్నాను.

మాది ఉత్తర తెలంగాణలో, గోదావరికి దగ్గరి ఊరు. ఓ ఎండాకాలం పాతకాలపు జంతువుల అవశేషాలు తవ్వడానికి కోస్తా నుంచి ఒకాయన వచ్చాడు. మేం ఎముకల్ని బొక్కలంటాం కాబట్టి ఆయన బొక్కల సారయ్యాడు. వాళ్ళ వైపు బొక్కంటే చిల్లు. పాపం, మొదట నొచ్చుకున్నాడట.

ఆడుకునేవాళ్ళు లేక నేను ఆయన తవ్వే గుంత పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆయన మట్టి దులిపి ఒక చిన్న దవడ చూపించాడు. నా మొహం దగ్గరికి వంగి, గట్టిగా, నిదానంగా చెప్పాడు. డైనోసార్ల కంటే ముందటిదట, పిల్లి అంత ఉండేదట, పాలిచ్చే జంతువులన్నిటికీ, మనకీ దూరపు చుట్టమట. మన చెవి లోపలుండే బుల్లి ఎముకలు దానికింకా దవడలోనే ఉండేవట. చెవి కన్నం లేక, నేలకు దవడ ఆనించి వినేదేమోనని ఆయన ఊహ.

"దీనికి మా బొక్క లేదురా, మీ బొక్కే ఉంది" అని నవ్వాడు.

తర్వాత నన్ను బోర్లా పడుకోబెట్టి, బండకు దవడ ఆనించమన్నాడు. అవతలి కొసన సుత్తితో మెల్లగా కొట్టాడు. ఆ చప్పుడు నా తలలోనే పుట్టినట్టు వినిపించింది. "ఇనవడ్డది సారూ" అంటూ ఏడ్చేశాను. ఆయన పని మానేసి చాలాసేపు అలా కొడుతూనే ఉన్నాడు.

ఇక్కడ క్వారీ క్యాంపు గదిలో ఎనిమిదిమందిమి ఉంటాం. వాళ్ళ కబుర్లలో నేను ఉండను, ఒంటరితనం బాగానే తెలుస్తుంది. ఆదివారం ఊరి నుంచి మా ఆవిడ ఫోన్ చేస్తే, ఫోన్ దవడకు గట్టిగా నొక్కి పెట్టుకుంటాను. పన్ను నొప్పా అని అడుగుతారు వాళ్ళు. మాటలన్నీ అందవు. "మంచిగనే ఉన్నం" అన్నది అందుతుంది. ఆమె ఏడుపు ఆపుకుంటే అదీ అందుతుంది, ఎముకలో సన్నగా వణుకుతుంది. చెవులు బాగున్నవాళ్ళకు అది తెలుస్తుందో లేదో. నాకు తెలుస్తుంది. అప్పుడు "ఏమైందో చెప్పు" అంటాను, ఆమె చెప్పేదాకా ఫోన్ తీయను.