వారంలో చదువు తెప్పిస్తానన్న అయ్యగారు

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు... చివ్వెంల పక్కనున్న మా ఊళ్లో స్వస్థత కూటాలు పెట్టారు. కోదాడ నుంచి ఒక పాస్టరు అయ్యగారు తెల్ల కారులో దిగాడు. తెల్ల కోటు, తెల్ల బూట్లు, ముఖానికి పౌడరు. ఆ బూట్లకు బురద అంటకుండా కారు దగ్గర నుంచి స్టేజీ దాకా వరిగడ్డి పరిచారు. పరిచింది ఎవరనుకున్నారు? పొద్దంతా నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మ కూలికి పోయేది. అక్షరం ముక్క రాదు. ప్రార్థనలో ఆమె అడిగేది ఒక్కటే... "ప్రభువా, నీ వాక్యం నా కండ్లతోని నేనే సదువుకోవాలె."

ఆ సంగతి తెలిసి అయ్యగారు అమ్మను ముందుకు పిలిచాడు. తలమీద నూనె పోసి, మైకు అదిరేలా అరిచాడు.

"ఒక్క వారం! వారంలో ఈ సహోదరి చదువుతుంది! నమ్మినవాళ్లు చప్పట్లు కొట్టండి!"

అందరూ కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ వారమంతా అమ్మ రోజూ పొద్దున్నే గ్రంథం తెరిచి పేజీలకేసి చూసేది. మళ్లీ మూసేది...

తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పమని ఆమెను స్టేజీ ఎక్కించారు. అయ్యగారు గ్రంథం తెరిచి చేతిలో పెట్టాడు. అమ్మ నిలబడే ఉంది. మైకులో ఆమె ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.

"చూశారా?" ఆయన జనం వైపు తిరిగాడు. "దేవుడిలో లోపం లేదండీ. ఈమెకు విశ్వాసం లేదు!"

ఆ మాట అనేసి, నాటుకోడి కూరతో భోంచేసి, కారెక్కి పోయాడు. లోపం తనలో ఉందేమోనన్న అనుమానం ఆ మహానుభావుడికి రానే లేదు.

దారిలో చిన్నమ్మ దులిపేసింది. "ఇజ్జత్ తీసినవ్ గదనే అక్కా! ఇగనన్న ఆ సదువు పిచ్చి ఇడిసిపెట్టు."

అమ్మ ఇంటికి రాగానే నా పలక తెమ్మంది.

"ఎందుకే అమ్మా?"

"ఆయన ఆగం చేసిండు గని, దేవుడు నాకు రాదని చెప్పలే గద బిడ్డా. 'అ' రాసియ్యి."

రాసిచ్చాను. ఒకటి, రెండు, మూడేళ్లు... ఎన్నిసార్లు దిద్దినా 'ద', 'ధ' ఆమెకు ఒక్కలాగే కనిపించేవి. ఎనిమిదో తరగతికి వచ్చాక నాకు సిగ్గనిపించింది. స్నేహితురాళ్లు ఇంటికొస్తే పలక దాచేదాన్ని. ఒకరోజు "నీకు రాదమ్మా, ఇడిసిపెట్టు" అని పలక విసిరి కొట్టి, నేర్పడం మానేశాను. ఆ అయ్యగారికీ నాకూ పెద్ద తేడా ఏముంది... నా చేతిలో మైకు లేదు, అంతే!

అమ్మ మానలేదు. అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర చిన్నపిల్లల మధ్య కూర్చుని నేర్చుకుంది. రోజూ అదే ప్రార్థన.

మరుసటి ఏడు సూర్యాపేట బస్టాండులో ఆమె గోడ ముందు ఆగిపోయింది. వేలుపెట్టి, కూడబలుక్కుని... "ఇచ్చట... ఉమ్మి... వేయరాదు!" అని చదివి, "స్తోత్రం ప్రభువా!" అని గట్టిగా అరిచింది. జనం నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

మొత్తం ఆరేళ్లు. మా రేకుల చర్చిలో ఒక ఆదివారం లేచి వాక్యభాగం మొత్తం తానే చదివింది.

ఈ మాట ఎలా చేరిందో, ఆ అయ్యగారు మళ్లీ ఊడిపడ్డాడు. అమ్మను స్టేజీ మీద నిలబెట్టి, సిగ్గు లేకుండా అన్నాడు కదా...

"నేను అభిషేకించిన సహోదరి! చెప్పమ్మా, ఎవరి ప్రార్థన ఫలించింది?"

అమ్మ మైకు తీసుకుంది.

"అయ్యగారూ, మీరు వారమన్నరు. ఆరేండ్లు పట్టింది. నేర్పింది నా బిడ్డ, టీచరమ్మ. ఓపిక దేవుడిచ్చిండు. మీ నూనె నెత్తికి మంచిగనే పట్టింది."

అయ్యగారు గబగబా ఆమెన్ అనేసి పాట ఎత్తుకున్నాడు. జనమంతా నవ్వుతున్నారు... నేను తల దించుకున్నాను. మధ్యలో వదిలేసిన నా పేరు కూడా చెప్పింది అమ్మ.

ఇప్పుడు కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా కరెంటు స్తంభాలకు ఇలాంటివాళ్ల ఫ్లెక్సీలే. ఇరవై ఒక్క రోజుల్లో వీసా అట, వీడియో షేర్ చేస్తే సాయంత్రానికి ఉద్యోగం అట! ఆమెన్ అని టైపు చేసే చదువుకున్న వాళ్లను చూస్తే జాలి కూడా కలగదు నాకు. ఒక్క అక్షరం కోసం ఏడాది ఓపికపట్టే మనుషులు ఏమైపోయారో...

మీ ఇళ్లలో అలా ఏళ్ల తరబడి నమ్మి, నిదానంగా గెలిచిన వాళ్లుంటే కింద రాయండి. తీరిగ్గా చదువుకుంటాను. అద్భుతాల వీడియోలు మాత్రం దయచేసి పెట్టకండి.